మెట్లు దిగనోళ్ల సన్మానం

మొన్న మా నల్గొండల ఒక కవి సమ్మేళనం అయింది. టాపిక్ దివ్యాంగుల ఆత్మగౌరవం. ప్లేసు ఒక ఫంక్షన్ హాలు, పేరు చెప్పను, చెప్పినా ఫాయిదా లేదు, ఏ హాలుకు పోయినా గవే మెట్లు. మా చిన్నాయనకు అండ్ల సన్మానం. కార్డు అంటే వాట్సాప్‌ల ఫొటో. మా గల్లీల కండ్లు కనిపించని సారు ఒకాయన ఉంటడు, ఆయనకు గూడ అదే ఫొటో పోయింది, ఫోనుల తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ "ఇమేజ్" అని ఒక్క మాట అని గమ్మున కూసుంది. ఎవరి ఇమేజ్ సార్ అంటే, పిలిచినోళ్లదే అయి ఉంటది లే బిడ్డా అన్నడు. కవితల పుస్తకం పీడీఎఫ్ గూడ పంపిన్రు, అది పాత డీటీపీ ఫాంటు, యూనికోడ్ కాదు, అంటే కంటికి తెలుగే గని లోపల ఇంగ్లీష్ అక్షరాలు, స్క్రీన్ రీడర్ పెడితే కవిత్వం బదులు ఇంగ్లీష్ అక్షరాలు, బ్రాకెట్లు వినపడ్డయి. ఆధునిక కవిత్వం అనుకొని ఆయన రెండు పేజీల దాకా విన్నడట పాపం.

సరే, చిన్నాయన సంగతి. ఆయనది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి సంది ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగవు, నడుము వంగదు, వీల్ చెయిరే దిక్కు. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని, బయటి దేశాలోళ్లు గూడ చదువుకుంటరు. గంత పేరున్న ఊర్ల ఒక మనిషిని హాలు లోపలికి తీసుకపోయే టెక్నిక్ మాత్రం ఇంకా రాలే.

ముందట ఏడు మెట్లు. ర్యాంపు లేదా అంటే ఎందుకు లేదన్నా, వెనక ఉన్నది అన్నరు. నిజంగనే ఉన్నది, మంచిగ సాఫు సిమెంటుతోని, బగారన్నం డేగిసలు దొర్లించనీకి. దివ్యాంగులకు అడ్డంకులు లేకుండ చేస్తమని సర్కారు 2015ల సుగమ్య భారత్ అని పెట్టింది గద, అది బగారన్నానికే వచ్చింది, మనిషికి రాలే. ఇగ సన్మాన గ్రహీత ఉల్లిగడ్డ పొట్టు మీదికెళ్లి, వంటోళ్ల నడుమకెళ్లి వేడుకకు విచ్చేసిండు.

అసలు కథ స్టేజీ కాడ. నాలుగు అడుగుల ఎత్తు, ఆరు మెట్లు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ర్యాంపు ఉండాలె అంటరు, అంటే నలభై ఎనిమిది అడుగులు, పెడితే ముందటి వీఐపీ సోఫాలు ఎటు పోవాలె? అందుకని నలుగురు పొల్లగాండ్లు వచ్చిన్రు, అడుగుడు లేదు చెప్పుడు లేదు, కుర్చీతోని సహా లేపిన్రు. కుర్చీ ఒక దిక్కు ఒరిగింది, చిన్నాయన దేవుడి పల్లకి లెక్క ఊగుతుండు, మైకుల యాంకర్ "ఆత్మవిశ్వాసం ముందు మెట్లు ఎంత!" అంటుండు, అందరు చప్పట్లు. పైన పెట్టినంక ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ పడలే అన్నా, ఇంకొకసారి అన్నడు. మళ్ల దించిన్రు. మళ్ల లేపిన్రు. అంతల ముఖ్య అతిథి వచ్చిండు, నేను గూడ ఒక చెయ్యి వేస్త అన్నడు. ఇగ మూడోసారి.

స్టేజీ మీద ఉన్న పెద్దమనుషులు ఎంతమంది? ఐదుగురు. అందరికి కాళ్లున్నయి. ఆ ఐదుగురు ఆరు మెట్లు దిగి, కింద మైకు పెట్టి, కిందనే శాలువా కప్పితే అయిపోతుండె. ఒక్కనికి తోచలే. తోచదు గూడ, ఎందుకంటే దిగితే ఇజ్జత్ తగ్గుతది, ఎత్తితే పుణ్యం వస్తది.

చట్టం లేదా అంటే దివ్యాంగుల హక్కుల చట్టం 2016ల వచ్చింది, 21 రకాల వైకల్యాలు రాసిన్రు, కళలు, వినోదం గూడ అందాలె అని రాసిన్రు, తప్పు చేస్తే మొదటిసారి 10,000 దాకా జరిమానా. మా దిక్కు పెండ్లిల డీజేకు ఇచ్చే అడ్వాన్సు గంతే ఉంటది.

నాకు నవ్వు ఆగిపోయింది ఎక్కడంటే, నడుమల నేను నీళ్ల బాటిల్ ఇచ్చిన, చిన్నాయన వద్దన్నడు. పొద్దుగాల సంది తాగలేదట. ఎందుకే అంటే, బాత్రూం తలుపుల కుర్చీ పట్టదు బిడ్డా, ఏ ప్రోగ్రాంకు పోయినా గింతే, పొద్దుగాలనే నీళ్లు బంద్ చేస్త అన్నడు. నీళ్లు తాగి బొక్కలు పోయిన మనిషయ్యా ఆయన! ఇప్పుడు మీ సన్మానం కోసం ఆ నీళ్లు గూడ మానుకోవాలెనా? వేలకు వేలు పెట్టి ఫ్లెక్సీలు కొట్టిస్తరు, పూల గేటు కట్టిస్తరు, బాత్రూం తలుపు ఇంకో జానెడు వెడల్పు పెంచనీకి మాత్రం పైసలుండవు, సిగ్గుండాలె. మీ శాలువా ఎవనిక్కావాలె?

ఇంటికొచ్చినంక ఆ శాలువా భుజం మీదికెళ్లి తీయకముందే చెంబెడు నీళ్లు గటగట తాగిండు.

రాత్రి గ్రూపుల ఫొటో వచ్చింది. ఎత్తినోళ్ల మొఖాలు నలుగురివీ మంచిగ పడ్డయి, ముఖ్య అతిథి నవ్వు పడ్డది, చిన్నాయనది ఒక చక్రం, సగం చెయ్యి. దాని కింద ఇంకో మెసేజ్: డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, మళ్ల ప్రోగ్రాం ఉన్నది, ఈసారి హాలు మొదటి అంతస్తుల, ఎత్తనీకి మంచి బలమున్న పొల్లగాండ్లు ఒక ఆరుగురు కావాలె.