రోడ్డు ఇస్తే సరిపోదు, దాన్ని సాకే డబ్బూ ఇవ్వాలి

పోయిన వానాకాలం విజయవాడలో బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగ్ మధ్య హైవే పక్కన సర్వీస్ రోడ్డులో మా అమ్మాయి స్కూటీ మీద నుంచి పడింది. డ్రెయిన్‌కి మూత లేదు, పైన నీళ్లు నిలిచి కనపడలేదు. మోకాలి చిప్ప చిట్లింది. ఒక ఆఫీసుకు వెళ్తే "డ్రెయిన్ మాది కాదండీ" అన్నారు. ఇంకో ఆఫీసులో "హైవే హద్దులో మేం చెయ్యి పెట్టకూడదు" అన్నారు. నెల దాటాక పక్కన టీ కొట్టాయనే ఒక బండ తెచ్చి మూశాడు.

అందుకే "బైపాస్ వచ్చింది కదా, ఊళ్లో హైవే ముక్కను కార్పొరేషన్‌కి ఇచ్చేయమనండి" అని మా అపార్ట్‌మెంట్‌లో అంటుంటే మొదట నాకూ సంతోషం వేసింది. ఎవరిని అడగాలో తెలుస్తుంది కదా. తర్వాత కూర్చుని ఆలోచిస్తే టెన్షన్ పట్టుకుంది.

చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా చినకాకాని దాకా సుమారు 48 కిలోమీటర్ల బైపాస్ వేసింది చెన్నై, కోల్‌కతా లారీలు ఊళ్లోకి రాకూడదనే. బైపాస్ పడ్డాక పాత రోడ్డును ఒకసారి బాగుచేసి రాష్ట్రానికి అప్పగించడం మన దేశంలో మామూలే. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు, ఆ రోడ్డు జాబితాలోంచి పోతుంది. రాష్ట్రం దాన్ని కార్పొరేషన్ నెత్తిన పెడితే? "ఒకసారి బాగుచేసి" అన్న మాట దగ్గరే నా అభ్యంతరమంతా.

తారు ఈ ఏడాది వేస్తే కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. బెంజ్ సర్కిల్ మొదటి ఫ్లైఓవర్ మీద 2020లో బండ్లు తిరగడం మొదలైంది, ఆ పక్కనే రెండోదీ వచ్చింది. ఇవాళ బాగానే ఉంటాయి. ముందు ముందు శ్లాబుల మధ్య సందుల్లో ఉండే ఎక్స్‌పాన్షన్ జాయింట్లు మార్చాలి, జాకీలు పెట్టి పైభాగాన్ని లేపి అది ఆనుకునే బేరింగులు మార్చాలి. అది సందుల్లో సీసీ రోడ్లు వేయించినంత తేలిక పని కాదు, దానికి వంతెనల పని తెలిసిన ఇంజనీర్లు కావాలి. రాత్రంతా వెలిగే లైట్ల కరెంటు బిల్లు సరేసరి. ఇదంతా మన ఇంటి పన్నులోంచా? కాజ దగ్గరా పొట్టిపాడు దగ్గరా మనం కట్టే టోల్‌లో కార్పొరేషన్‌కి పైసా రాదు.

లారీలు పూర్తిగా పోతాయనుకోవడమూ పొరపాటే. ఆటోనగర్ ఎక్కడికీ పోదు. రిపేరుకీ బాడీ కట్టించుకోవడానికీ వచ్చే లారీలు ఈ రోడ్డే ఎక్కాలి, బరువు ఈ రోడ్డే మోయాలి.

74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో రోడ్లు, వంతెనలు మునిసిపాలిటీల పనుల్లోనే ఉన్నాయి. పని పేరు రాశారు, దానికి డబ్బు మాత్రం రాష్ట్రం దయ మీద వదిలేశారు.

నేను అప్పగింత వద్దనడం లేదు. ఊరి రోడ్డు ఊరి చేతిలో ఉంటే ఫుట్‌పాత్ వేసుకోవచ్చు, ముసలివాళ్లు దాటే చోట సిగ్నల్ పెట్టుకోవచ్చు, వాననీళ్లు ఏ కాలువలోకి పోవాలో ఒక్కరే తేలుస్తారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచిన ఊళ్లో ఆ చివరి మాట చిన్నది కాదు.

కానీ సంతకానికి ముందు రెండు వైపుల ఇంజనీర్లూ కలిసి డ్రెయిన్లు, మూతలు, జాయింట్లు అన్నీ నడిచి చూసి రాసుకోవాలి. ఆ రాసుకున్నది జనానికి చూపించాలి. కనీసం పదేళ్ల నిర్వహణ ఖర్చు అప్పగింత ఉత్తర్వులోనే రాయాలి. మీ ఎమ్మెల్యే గారు మీ వీధికి వస్తే ఈసారి ఈ ఖర్చు గురించే అడగండి, మా వీధిలో నేను అడుగుతాను.