ముందు మెనూ, తర్వాతే మనవి

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో అర్జీ రాయడానికి కూర్చుని నేరుగా అర్జీతోనే మొదలుపెట్టేవాడు తొందరపాటు మనిషి. పోపుల పెట్టె సర్దుకోకుండా ఎవరైనా పొయ్యి వెలిగిస్తారా? కావలసిన కమాండ్లన్నీ చేతికందేలా అమర్చుకోకుండా మొదటి అక్షరం టైపు చేయడం కూడా అటువంటి అపచారమేనని, ఇరవై ఏళ్లుగా మెనూలు సర్దుతూ ఆ వ్యవధిలో చెప్పుకోదగినదేదీ రాయనివాడిగా, బాధ్యతతో మనవి చేస్తున్నాను.

ఈ విద్యకు స్వర్ణయుగం వర్డ్ 2003తో ముగిసింది. అప్పట్లో టూల్స్ మెనూలోని కస్టమైజ్ పెట్టె తెరిస్తే చాలు, ఏ కమాండునైనా మౌస్‌తో పట్టుకుని మరో మెనూలోకి ఈడ్చుకుపోవచ్చు, నచ్చకపోతే బయటికి లాగి పారేయవచ్చు. అంత శ్రమ కూడా పడలేనివారికి కంట్రోల్, ఆల్ట్, హైఫన్ మీటలు కలిపి నొక్కే దగ్గరి దారి ఉండేది: మౌస్ బాణం లావుపాటి అడ్డగీతగా మారేది, ఆ గీతతో మెనూలో దేన్ని నొక్కితే అది మాయమయ్యేది. అయితే హైఫన్‌కు బదులు కుడిపక్క అంకెల దగ్గరుండే మైనస్ నొక్కితే మాత్రం వాక్యంలో పొడుగు గీత పడేది. విరామచిహ్నం కోసం బయలుదేరి, ఒక్క మీట తేడాతో సేవ్ కమాండుకే విరామం ఇచ్చి వచ్చే సౌకర్యాన్ని ఇంత సులభంగా కల్పించిన సాఫ్ట్‌వేర్ మరొకటి నాకు కనబడలేదు.

అంతకుముందే, వర్డ్ 2000లో, మనకు సర్దుకునే తీరిక ఉండదన్న దయతో మెనూలు తమంతట తామే సర్దుకోవడం నేర్చుకున్నాయి. కొన్నాళ్లుగా కోడలు ముట్టుకోలేదని జాడీని అటకెక్కించే అత్తగారిలా, మనం వాడని కమాండ్లను అవి దాచేసేవి. మెనూ అడుగున ఉన్న జంట బాణం గుర్తును నొక్కితేనో, కాసేపు అలాగే కాచుకుని కూర్చుంటేనో తిరిగి దర్శనమిచ్చేవి. కనబడదు కనుక వాడము, వాడము కనుక కనబడదు. ఇంత పటిష్ఠమైన తర్కం మన తర్కశాస్త్ర పండితులకైనా తట్టిందో లేదో.

2007లో రిబ్బన్, అంటే బటన్లను ట్యాబ్‌లుగా విడదీసి పైన పరిచిన పట్టీ, వచ్చి మెనూలను ఊడ్చేసింది. మన ఇష్టానికి మిగిలింది పైన మూలనున్న చిన్న క్విక్ యాక్సెస్ వరుస ఒక్కటే. 2010లో రిబ్బన్‌ను మార్చుకునే హక్కు దయచేశారు గాని, అది అద్దె ఇంటి హక్కు: కావాలంటే కొత్త గది కట్టుకోవచ్చు, పాత గదికి తాళం వేసుకోవచ్చు, ఇంటాయన బిగించిన ఒక్క స్విచ్చును మాత్రం గోడ నుంచి ఊడదీయకూడదు. హోమ్ ట్యాబ్‌లో ఒక గుంపును మొత్తంగా తొలగించవచ్చు. అందులోని ఒక్క బటన్‌ను తీసేద్దామంటే కుదరదు.

మన అమరికనంతా ఒక ఫైలుగా దాచుకుని వేరే కంప్యూటర్‌కు మోసుకుపోవచ్చు కూడా. అక్కడ దాన్ని దింపగానే ఆ కంప్యూటర్‌లో అప్పటిదాకా ఉన్న అమరిక తుడిచిపెట్టుకుపోతుంది. ఆఫీసులో పక్క సీటువారితో స్నేహం ఏపాటిదో తేల్చుకోవడానికి ఇది మంచి పరీక్ష.

మొన్న నాలుగు రోజుల సెలవు కోరుతూ అర్జీ రాయాలని కూర్చున్నాను. అన్ని కమాండ్ల జాబితాను ఏ నుంచి జెడ్ దాకా భక్తితో పారాయణం చేసి, ముప్పై రెండింటిని ఎంచి కొత్త ట్యాబ్ కట్టాను. దానికి వర్డ్ పెట్టిన పేరు ‘న్యూ ట్యాబ్’. కన్నబిడ్డను ‘కొత్త బిడ్డ’ అని పిలుస్తామా? అందుచేత బారసాల చేసి ‘సెలవు’ అని నామకరణం చేశాను. తేదీ వేసే బటన్, మార్జిన్ జరిపే బటన్, సంతకానికి చోటు వదిలే బటన్ వరుసగా నిలబడ్డాయి. అప్పటికి తెల్లవారింది. అర్జీని తెల్లకాగితం మీద పెన్నుతో రాసి ఇచ్చాను. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినందుకు సంజాయిషీని కూడా దానికే జతపరిచాను.