లెక్క ప్రకారమా, మనిషిని బట్టా?

శనివారం రాత్రి భోజనాలయ్యాక బావ, వాసు చెరో వంద చింతపిక్కలు పంచుకుని పోకర్‌కు కూర్చున్నారు. డబ్బు పందెం లేదు. వాసు వరసగా మూడు ఆటలు వదిలేశాడు.

బావ: నీ ఆట నాకు తెలిసిపోయింది వాసూ. గట్టిగా పందెం కాస్తే చాలు, ముక్కలు కింద పెట్టేస్తున్నావు. ఇకమీదట చేతిలో ఏమున్నా లేకపోయినా కాస్తూనే ఉంటాను.

వాసు: మూడు ఆటలకేనా? ఆ మూడింట్లో నాకు ముక్కలు రాలేదు బావా. అసలు లెక్క విను. మధ్యలో పది పిక్కలున్నాయి, నువ్వింకో పది కాశావు. నేను సగం కంటే ఎక్కువసార్లు వదిలేస్తే నీకు ఏ ముక్కలున్నా లాభమే. సరిగ్గా సగంసార్లు నీ పందేనికి సరిపడా కాసి నిలబడ్డానా, చేతిలో ఏమీ లేకుండా కాసే ఒట్టి బ్లఫ్ వల్ల నీకు మిగిలేది సున్నా. ఇక నీ మొహం చూడాల్సిన పని నాకు లేదు.

బావ: సున్నా కోసమా ఇంత కష్టం? రాయి-కాగితం-కత్తెర ఆటలో ఏ వరసా లేకుండా తీసేవాణ్ణి ఎవరూ ఓడించలేరు. కానీ వాడూ ఎవర్నీ ఓడించలేడు. 1999లో ఆ ఆటకు కంప్యూటర్ ప్రోగ్రాముల పోటీ జరిగితే, గెలిచింది ఎదుటివాడి అలవాటు పట్టే ప్రోగ్రామే.

వాసు: పోకర్ అలా కాదు. ఇక్కడ తప్పు చేసినవాడు, నేను కనిపెట్టకపోయినా నష్టపోతాడు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో నలుగురు ప్రొఫెషనల్స్ 20 రోజులపాటు లిబ్రాటస్ అనే ప్రోగ్రాంతో ఒక్కొక్కరుగా తలపడ్డారు. మొత్తం 1,20,000 ఆటలు. రాత్రిళ్లు కలిసి కూర్చుని దాని బలహీనత వెతికారు. చివరికి నలుగురూ ఓడిపోయారు.

బావ: అదీ రాత్రిళ్లు మారింది కదా?

వాసు: మారింది, కానీ వాళ్ల అలవాట్లు పట్టి కాదు. వాళ్లు ఎంతెంత పందేలు కాస్తే తను తడబడుతోందో చూసుకుని, అక్కడ తన లెక్క సరిచేసుకుంది. మన ఇంటి చిల్లు పూడ్చుకోవడం వేరు, పక్కింటికి కన్నం వెయ్యడం వేరు.

బావ: అది ఇద్దరి ఆట. నలుగురైదుగురు కూర్చుంటే ఓడిపోవన్న హామీ ఏ లెక్కా ఇవ్వదు.

వాసు: నిజమే. అయినా 2019లో ప్లూరిబస్ అనే ఇంకో ప్రోగ్రాం ఆరుగురి టేబుల్ దగ్గర, ఎవర్నిబట్టీ మారకుండానే గెలిచింది.

బావ: ప్రొఫెషనల్స్ మీద! వాళ్ల తప్పులు చిన్నవి. ఇక్కడ నీ ఎదురుగా కూర్చునేది మా నాన్న. ఆయన పందెం పెంచే ముందు కళ్లజోడు సర్దుకుని, పిక్కల్ని ఒక్కొక్కటిగా ముందుకు తోస్తారు. మూడేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఉత్త చేతులతో పెంచలేదు. ఆయన మీద సగంసార్లు నిలబడితే నీ పిక్కలు నువ్వే పారబోసుకున్నట్టు.

వాసు: మావయ్య విషయంలో ఒప్పుకుంటాను. మూడేళ్లు చూశావు. నన్ను చూసింది మూడు ఆటలు. దానికే నీ ఆటంతా మార్చేస్తే నీలోనే చిల్లు పడుతుంది.

బావ ముక్కలు పంచాడు. ఆఖరి ముక్క పడ్డాక ఇరవై పిక్కలు ఒక్కసారే ముందుకు తోశాడు. వాసు నిలబడ్డాడు. బావ చేతిలో రెండు, ఏడు. జత కూడా లేదు.

బావ: చూశావా! బ్లఫ్ చేస్తానని నేను చెప్పాను కాబట్టే నిలబడ్డావు. నా పద్ధతే వాడావు.

వాసు తన ముక్కలు తిప్పి చూపించాడు. రాజుల జత.

వాసు: వీటితో మావయ్య మీద తప్ప ఎవరి మీదైనా నిలబడేవాణ్ణే బావా.