సిక్కోలు వలస కూలీ ఏ లెక్కలో పడతాడు?

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి వైపు నుంచి వెల్డింగ్ పనికి గల్ఫ్ వెళ్లే కుర్రాడి పనితనం విమానం ఎక్కినంత మాత్రాన పెరగదు. జీతం మాత్రం పెరుగుతుంది. ఉద్దానంలో ప్రతి ఇంటికీ తెలిసిన ఈ సంగతిని అంకెల్లో తేల్చిన ఆర్థికవేత్తల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు బ్రాంకో మిలనోవిచ్. ప్రపంచంలో మనుషుల ఆదాయాల మధ్య తేడాల్లో సగానికి పైగా వాళ్లు ఏ దేశంలో ఉంటున్నారన్న దాన్నిబట్టే వస్తున్నాయని ఆయన లెక్కగట్టారు.

యుగోస్లావియాలోని అసమానతలపై 1987లో బెల్‌గ్రేడ్‌లో డాక్టరేట్, ఆపైన ప్రపంచ బ్యాంకు పరిశోధన విభాగంలో సుమారు ఇరవై ఏళ్లు, తర్వాత న్యూయార్క్‌లో అధ్యాపకత్వం. ఇదీ ఆయన దారి. పేరు తెచ్చింది గొప్ప సిద్ధాంతమేమీ కాదు, దేశదేశాల కుటుంబ సర్వే ఫైళ్లను పోగేసి ఒక తాటి మీదకు తెచ్చిన ఓపిక. క్రిస్టోఫ్ లాక్నర్‌తో కలిసి గీసిన ‘ఏనుగు గీత’ అలా పుట్టిందే. ప్రపంచ జనాభాను పేద నుంచి ధనిక దాకా వంద మెట్లుగా పేరిస్తే, 1988–2008 మధ్య ఆసియా జనం ఎక్కువగా ఉన్న నడిమి మెట్లలో ఆదాయాల పెరుగుదల ఏనుగు వీపులా లేచింది. 80వ మెట్టు చుట్టుపక్కల, అంటే సంపన్న దేశాల కింది మధ్యతరగతి దగ్గర, పెద్దగా కదలిక లేదు. చివరి ఒక్క శాతం తొండంలా పైకెత్తింది. అయితే 1988లో 55వ మెట్టు మీదున్న వాళ్లే 2008లోనూ అక్కడ ఉన్నారనుకుంటే తప్పులో కాలేసినట్టే. మెట్టు అదే, మనుషులు వేరు.

అసలు తిప్పలన్నీ గీత గీయడానికి ముందే. లాటిన్ అమెరికా సర్వేలు ఎక్కువగా ఆదాయం అడుగుతాయి, మన ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) ఖర్చు అడుగుతుంది. ఉన్నవాడు మిగుల్చుకుంటాడు, లేనివాడు అప్పు చేసైనా తింటాడు. కాబట్టి ఖర్చుల్లో అసమానత తక్కువగా కనిపిస్తుంది. ధరల పోలికదీ ఇదే గొడవ. 2005 అంతర్జాతీయ ధరల సేకరణలో చైనా ధరలు 11 నగరాల నుంచే వచ్చాయి. ఫలితాల్లో అక్కడి ధరలు అనుకున్నదానికంటే ఎక్కువని తేలేసరికి, కొనుగోలు శక్తి లెక్కన (డబ్బుకు అక్కడ ఎంత సరుకు వస్తుందన్న లెక్కన) చైనా జీడీపీ ఒక్క దెబ్బకు సుమారు 40 శాతం కుంగింది, ప్రపంచ అసమానత కాగితం మీద పెరిగింది. అక్కడ ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గలేదు.

ఇక మన గడప దగ్గరకొద్దాం. ఆరు నెలలకు మించి బయట ఉన్న మనిషిని ఎన్‌ఎస్‌ఎస్ ఆ ఇంటి సభ్యుడిగా లెక్కించదు. అతను పంపిన డబ్బుతో భార్య కొన్న నూనె, పప్పు ఖర్చులోకి వస్తాయి. అదే డబ్బుతో వేసిన స్లాబు రాదు, ఇల్లు కట్టుకోవడం వినియోగం కాదు మరి. అటు గల్ఫ్‌లో లేబర్ క్యాంపులు సాధారణంగా కుటుంబ సర్వేల పరిధిలో ఉండవు. జిల్లా ఉత్పత్తి లెక్కలోనూ అతని సంపాదన చేరదు, పని జరిగింది ఇక్కడ కాదు కాబట్టి. పైగా 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. ఆ తేదీకి ముందూ వెనకా శ్రీకాకుళం తలసరి ఆదాయం అంకెల్ని పక్కపక్కన పెట్టి ‘ఎదుగుదల’ అనడం వార్తల్లో తరచూ కనిపించే పొరపాటు.

ఈ లెక్కల దారి పట్టాలనుకునే ఎచ్చెర్ల విశ్వవిద్యాలయ విద్యార్థి మొదట చేయాల్సింది ఎన్‌ఎస్‌ఎస్ 2022–23 వినియోగ సర్వే ఫైలు దించుకుని, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ తలసరి నెల ఖర్చు రూ.4,870 తన లెక్కలోనూ వస్తుందేమో చూడటం. వెయిట్లు (సర్వేలో పడ్డ ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) వేయడం మరిచినా, ఉచితంగా అందిన సరుకుల విలువ కలిపినా ఆ అంకె రాదు. అది కుదిరాక జిల్లాకు దిగితే నమూనా పల్చబడుతుంది, గల్ఫ్ కుటుంబాలు అందులో ఎన్ని పడ్డాయన్నది అదృష్టం. అందుకని కవిటి, కంచిలి మండలాల్లో సొంతంగా ఓ చిన్న సర్వే తప్పదు. ఆ ఫారంలో రెండు గడులు అదనంగా ఉండాలి: ఆరు నెలలు దాటి బయట ఉన్నవాళ్లు ఎందరు, పంపిన డబ్బులో స్లాబుకు ఎంత పోయింది.