మా గృహకూడికకు వేంచేసిన చక్రాల స్పీకరు గారికి

మహారాజశ్రీ చక్రాల స్పీకరు గారికి ప్రభువు నామంలో వందనాలు.

మొన్న గురువారం పర్లాకిమిడిలో మా గృహకూడికకు తమరు దయచేసినందుకు ధన్యులమయ్యాం. గడప దగ్గర చెప్పులు విప్పకుండా వచ్చింది తమరొక్కరే. చక్రాలతో సహా చాప మీదికెక్కి, ఎర్రవీ నీలివీ లైట్లు తిప్పుకుంటూ గోడవార సర్దుకున్నారు. అక్కడ స్టూలు వేసుకుని కూర్చునే మోకాళ్ళ నొప్పుల మామ్మ బయట అరుగు మీదికి పోవాల్సి వచ్చింది.

ఆ గది ఎంత? చెయ్యి చాపితే పక్కవాళ్ళకి తగులుతుంది. ముందుగదిలో ఎవరు దగ్గినా వంటింట్లో టీ కాచే అక్కకి తెలిసిపోతుంది. అందులో మైకెందుకర్రా అంటే యూత్ తమ్ముళ్ళు "నలుగురికీ వినబడాలి కదన్నా" అన్నారు. ఆ నలుగురూ గదిలోనే ఉన్నారు!

తమరి వంశం మీద నాకు పగేమీ లేదు. భక్తిని రగిలించే ఉజ్జీవ సభలు పూర్తిగా మీకే వదిలేశాం కదా. దైవజనుల బిరుదులు, వాటి వెనకే శాలువాలు, ఒడియా తర్జుమాతో ప్రతి మాటా రెండుసార్లు, మీ ఎకోతో నాలుగుసార్లు. అన్నీ భరించాం. ఫ్లెక్సీలో ప్రసంగీకుడి మొహం ప్రభువు పేరుకన్నా పెద్దదైనా నోరెత్తలేదు. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు కట్టేయాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. మనవాళ్ళు ఆ వేళకి ముఖ్య అతిథిని వేదిక మీదికి పిలుస్తారు. పక్కవీధివాళ్ళు మాతో మాటలు మానేస్తే, సువార్త నిమిత్తం శ్రమ అనుకుని సరిపెట్టుకున్నాం.

గురువారం మాత్రం మాది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసిన ఊరు ఇది. ఆఫీసులో ఒడియా, బడిలో ఒడియా, బజార్లో రెండూ. ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. అది వినేవాళ్ళు వారానికి ఒక్కసారి ఒక్క గదిలో దొరుకుతారు. పాస్టరు గారు కూడా కింద చాప మీదే కూర్చుంటారు. ఎవరింట్లో జ్వరమో, ఎవరికి అప్పో, ఎవరి పిల్లకి సంబంధం తప్పిపోయిందో చెప్పుకుంటాం, ప్రార్థిస్తాం, టీ తాగుతాం. పోయేటప్పుడు కొంచెం ఓపిక వచ్చినట్టుంటుంది. మేం సహవాసం అనేది దీన్నే. బైబిల్లో చూస్తే, ఆదిలో అకుల ప్రిస్కిల్లల ఇంట్లో, ఫిలేమోను ఇంట్లో సంఘం కూడింది కూడా ఇలాగే. ఆ మాటకొస్తే త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. జనాన్ని నిద్రపుచ్చడానికైనా ఆయనకి మైకు అక్కర్లేకపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను.

మా చిన్నమ్మ ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు, అంటే అందరి ముందూ లేచి తన బతుకు గురించీ దేవుడి గురించీ చెప్పుకోలేదు. "నాకేటి తెలుసు బాబూ" అని తలుపు మూల కూర్చునేది. ఆ రోజు తనంతట తానే కొంగు సర్దుకుని లేచింది. గదిలో అందరం ఆమె వైపు తిరిగాం. యూత్ తమ్ముడొకడు ఊరుకున్నాడా, తమరి మైకు తెచ్చి ఆవిడ మూతి దగ్గర పెట్టాడు.

"నా కొడుకు సూరత్ మిల్లుకెల్లినాడు. దసరా కాడ్నుంచి ఫోను నేదు" అంది.

తమరందుకున్నారు. నేదు... నేదు... నేదు...

ఆవిడ ఉలిక్కిపడి మైకుకేసి చూసింది. మళ్ళీ నోరు తెరిచేసరికి కుయ్యిమని ఒక కూత. పిల్లలు కిసుక్కున నవ్వారు. తమ్ముడు వంగి ఏదో బటను తిప్పాడు, ఎకో ఇంకా పెరిగింది. "అంతే బాబూ, పేర్దన సెయ్యండి" అని కూర్చుండిపోయింది. తర్వాత వంటింట్లో గ్లాసులు కడుగుతూ, "నానేటి సెప్పినానో నాకే ఇనబడనేదు" అంది.

ఒరేయ్ డబ్బా! ఇన్నేళ్ళకి ఆవిడ నోరు విప్పింది. చెప్పాలనుకున్నది ఇంకెంత ఉందో నీకేం తెలుసు? కొడుకు కోసం ఏడవడానికి వచ్చిన మనిషిని జాతరలో పాటలపోటీకి నిలబెట్టినట్టు నిలబెట్టావు. బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం ఎప్పుడైనా విన్నావా? ఏలీయా ప్రవక్త ఇక చాలు, చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు. మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టాడు. హోరేబు కొండ మీద కూడా కొండలు బద్దలయ్యే గాలిలో యెహోవా లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు. వాటి తర్వాత ఒక నిమ్మళమైన స్వరం వచ్చింది. నువ్వు అక్కడుంటే దానిక్కూడా ఎకో పెట్టి ఉందువు.

క్రిస్మస్ క్యారల్స్‌కి చలిలో వీధులు తిరిగేటప్పుడు నువ్వు కావాలి, కాదనను. తాళాలూ డప్పులూ మోసే బాధ తప్పించావు, ఆ మేలు మర్చిపోను. డిసెంబరులో రా, నేనే తోసుకెళ్తాను.

వచ్చే గురువారం కూడిక చిన్నమ్మ ఇంట్లో. మామ్మ స్టూలు ముందే తీసుకెళ్ళి గోడవార వేసేశాను. నీ చార్జరు కనబడటం లేదని యూత్ తమ్ముళ్ళు మొన్నటి నుంచి గుడంతా గాలిస్తున్నారు. మా బియ్యం డబ్బాలో ఉంటుందని వాళ్ళకెలా తడుతుంది?

ఇట్లు,
చాప మీద మూడో వరసవాడు