అద్దె వాటాలు లేని వారసత్వం ఎందుకు?

వియన్నాలో మోల్కర్ బాస్టై 8వ నంబరు ఇల్లు 1790లలో కట్టింది. రాజభవనమేమీ కాదు, అద్దె వాటాల ఇల్లు. 1804 నుంచి ఓ పదేళ్ళు సంగీతకర్త బీథోవెన్ నాలుగో అంతస్తులో ఉండేవాడు, మధ్యమధ్య ఖాళీ చేసి వెళ్తూ, మళ్ళీ వచ్చి చేరుతూ. ఎలాగూ తిరిగొస్తాడని యజమాని బారన్ పాస్క్వాలాటి ఆ వాటా ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదని బీథోవెన్ శిష్యుడు ఫెర్డినాండ్ రీస్ రాసిపెట్టాడు. ఇప్పుడు అక్కడ చిన్న మ్యూజియం. ఆ మెట్లెక్కి వెళ్తుంటే పక్క తలుపుల వెనక ఇవాళ్టికీ కాపురాలున్నాయి. ఆ ఇంటికి అసలైన రక్షణ ఆ కాపురాలే.

వియన్నాలోనే ఉన్న ఫ్రైహౌస్ అనే పెద్ద అద్దె వాటాల సముదాయానికి ఆ అదృష్టం దక్కలేదు. 18వ శతాబ్దం చివర్లో 225 వాటాలు, 32 మెట్లదారులు, వెయ్యిమంది దాకా జనంతో అదొక ఊరే. మొజార్ట్ చివరి ఒపెరాల్లో ఒకటి 1791లో మొదటిసారి ఆడింది ఆ ప్రాంగణంలోని థియేటర్లోనే. 20వ శతాబ్దంలో విడతలు విడతలుగా నేలమట్టమైంది.

ఇప్పుడు ఇళ్ళు అంత బాహాటంగా పోవు. పైకప్పు పెంకు జారుతుంది, ఎవరూ సర్దరు. చెమ్మ గోడలోకి దిగుతుంది, దూలం పుచ్చుతుంది. అద్దెవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఆఖరికి బాగుచేయడం గిట్టుబాటు కాదని ఒక కాగితం వస్తుంది. 1945కు ముందటి ఇంటిని కూల్చాలంటే నగరపాలక సంస్థను అడగాలని 2018లో నిబంధన పెట్టారు సరే, ఈ 'గిట్టుబాటు' దారి మాత్రం మూయలేదు. ఆస్ట్రియా వారసత్వ చట్టం 1923 నాటిది. రక్షిత కట్టడాన్ని యజమాని బాగా చూసుకుని తీరాలని స్పష్టంగా రాసుకోవడానికి 2024 దాకా పట్టింది!

పాత ఇళ్ళ మీద వచ్చే అద్దె మరమ్మతులకు చాలదని యజమానులు అంటారు. కొంత నిజమే. అందుకు ప్రభుత్వం డబ్బివ్వాలి, పన్ను తగ్గించాలి. ఇల్లు కుళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకునే హక్కు మాత్రం దాంతో రాదు.

అసలు కిటుకు అద్దెలో ఉంది. పాత ఇంట్లో అద్దెకు చట్టం పరిమితి పెట్టింది. అదే స్థలంలో సొంత డబ్బుతో కొత్తది కడితే ఆ పరిమితి ఉండదు. అంటే కూల్చివేతకు మనమే లాభం కట్టబెడుతున్నాం. వారసత్వం గురించి మాట్లాడేవాళ్ళు ముఖద్వారం మీది శిల్పాల దగ్గరే ఆగిపోతే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. పాత ఇంటిని కూల్చి కట్టిన వాటాలకూ పాత అద్దె పరిమితే వర్తింపజేయాలి. గిట్టుబాటు కాదన్న దరఖాస్తు వచ్చినప్పుడు గత పదేళ్ళలో ఎన్ని వాటాలు ఖాళీ అయ్యాయి, పైకప్పు చివరిసారి ఎప్పుడు బాగుచేశారు అని ముందు అడగాలి.