మూడు రోజుల్లో మొటిమలు పోయాయంటే ట్యూబు వెనక చదవండి

మా పిన్ని కూతురు ఇంటర్ చదివేటప్పుడు దసరాకి హాస్టల్ నుంచి వస్తే ముఖం చూసి అందరం మెచ్చుకున్నాం. మొటిమల్లేవు, రంగు కూడా తేలింది. ఏం రాస్తున్నావే అంటే రూమ్మేట్ చెప్పిందని మెడికల్ షాపులో కొన్న చిన్న ట్యూబు చూపించింది, కింది నుంచి మడతపెట్టి పిండీ పిండీ సగం ఖాళీ చేసేసింది. సంక్రాంతికి మళ్లీ వచ్చేసరికి బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎండలో నిలబడితే మంట, గడ్డం చుట్టూ ఒకే సైజులో పొక్కులు. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదివితే మూడు మందులు కనిపించాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. ఆ మూడోది స్టెరాయిడ్.

స్టెరాయిడ్ వాపునీ ఎర్రదనాన్నీ గబుక్కున అణిచేస్తుంది కాబట్టి రెండు మూడు రోజుల్లోనే అద్దంలో తేడా కనిపిస్తుంది, దాంతో ఇదే అసలు మందని నమ్మేస్తాం. వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది, మానేస్తే మంట, పొక్కులు మొదలవుతాయి, వాటికి భయపడి మళ్లీ అదే రాస్తాం. 2011లో మన దేశపు చర్మవైద్యులు ప్రచురించిన అధ్యయనంలో ముఖంపై సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ఇలాంటి క్రీములు వాడుతున్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువగా కనిపించిన నష్టం ఏంటో తెలుసా, మొటిమలే! 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా మా చెల్లిని చీటీ ఏదని ఎవరూ అడగలేదు. ఈ విషయంలో పదిహేడేళ్ల పిల్లని తిట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది, అడగాల్సింది కౌంటర్ వెనక ఉన్నవాళ్లు.

అసలు మొటిమ ముఖం కడుక్కోకపోతే వచ్చేది కాదు. యుక్తవయసులో హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి, రాలాల్సిన చర్మకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి, లోపల ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మురికి కాదు. అందుకే రోజుకు ఐదుసార్లు సబ్బుతో రుద్దినా, నిమ్మకాయ పిండినా, టూత్‌పేస్ట్ పూసినా చర్మం మండటం తప్ప లాభం ఉండదు. మామిడిపండు తిన్నావు, వేడి చేసింది అంటారు మన ఇళ్లల్లో. తిండికి కొంత సంబంధం ఉంది, కానీ చక్కెర, మైదా ఎక్కువైతే కొందరికి పెరుగుతాయన్నంత వరకే. నుదుటి మీద మాత్రమే వస్తుంటే తలకి రాసే నూనె మీద కన్నేయండి.

పనిచేసే మందులు ఉన్నాయి, నెమ్మదిగా పనిచేస్తాయి, అంతే. తక్కువ మోతాదు బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట బఠాణీ గింజంత అడపాలిన్ ముఖమంతా పలచగా రాయాలి, మొటిమ మీద చుక్క పెట్టి వదిలేయడం కాదు. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, కాస్త మండుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. ఫలితం తెలియాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. గడ్డల్లాంటివి వస్తున్నా, గుంటలు పడుతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆడపిల్లలకి నెలసరి కూడా తప్పుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు మొండి మొటిమల్ని కూడా తగ్గిస్తాయి, కానీ గర్భంలో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తాయి కాబట్టి పక్కింటివాళ్ల చీటీ చూసి కొనే మందు కానే కాదు.

మా చెల్లి ట్యూబు మానేశాక మొదటి నెల ముఖం ఇంకా పాడైంది. ఇలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టే తట్టుకుంది, ఆ నెలంతా కాలేజీకి చున్నీ కప్పుకునే వెళ్లింది. బుగ్గల ఎరుపు పూర్తిగా పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.